మంచు ఆర్పే మంట

ఫిబ్రవరి 12

ఈ ఉదయం దుర్భిణి అద్దం మీద ఒక బూడిద ఆకు కనిపించింది. చిటికెన వేలి గోరంత ఉంది. పూర్తిగా కాలిపోయినా ఈనె ఒక్కటీ చెదరలేదు. ఊపిరి తగిలితే పొడి అయిపోతుందేమోనని ముఖం పక్కకు తిప్పుకున్నాను. గాలి దాన్ని తీసుకుపోయేదాకా ఆగి, అప్పుడు అద్దం తుడిచాను.

అది నిన్నటి మంటది. ఈ గాలిమెట్ట టవర్‌కి వచ్చిన నలభై రెండో రోజున నాకు మొదటి పొగ కనిపించింది. సాయంత్రం ఐదుంపావుకి, నేరేడువలసకి పైనున్న వాలులో. దుర్భిణి పెట్టి చూస్తే కొండ నడుముకు మొలతాడు కట్టినట్టు మోకాలెత్తు మంట నడుస్తోంది. దాని వెంట ఓ పదిమంది, చేతుల్లో పచ్చి కొమ్మలు. ఎవరూ పరుగెత్తడం లేదు.

సమయం, దిక్కు, పొగ రంగు, మంట పొడవు, అన్నీ రాశాను. కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా చెప్పేవారు: చూడనిది రాయడం అబద్ధం, చూసింది రాయకపోవడమూ అబద్ధమే. రాసింది రెండుసార్లు చదువుకుని, ఒక మాట కొట్టేసి, ఐదూ నలభైకి, పొగల లెక్క చూసే కోటా కార్యాలయానికి పంపాను. బాగా రాశాననిపించింది. అది కూడా ఇక్కడ రాయాలి.

పొద్దున్నకు మంట లేదు. వాలు మీద ఒక నల్లటి గీత మాత్రం మిగిలింది.

రాత్రి ఆరుబయట పెట్టిన మంచు పళ్ళెంలో నీళ్ళు: మూడు చెంచాలు. రాలిన ఆకు మందం: నాలుగు వేళ్ళు.

ఫిబ్రవరి 14

పొద్దున్నే పదకొండు డ్రోన్లు వచ్చాయి. మొన్ననే ఆరిపోయిన గీత మీద తెల్లటి నురుగు చల్లాయి. తర్వాత ఊరి మీద తిరుగుతూ నోటీసు చదివాయి. విచారణ అయ్యేవరకూ పొయ్యి దాటి నిప్పు బయటికి రాకూడదు. ప్రతి ఇంటి నుంచీ వేలిముద్ర కావాలి. మాట తప్పితే ఊరికి వచ్చే కరెంటులో సగం కోత. రోజూ సాయంత్రం డ్రోన్లు వచ్చి చూసి వెళ్తాయి.

ఆ నోటీసులో నేరం ఎలా జరిగిందో చెప్పే భాగమంతా నా వాక్యాలే. 'ఎవరూ పరుగెత్తడం లేదు' అన్నది కూడా ఉంది. మంట అదుపులో ఉందని చెప్పడానికి నేను అది రాశాను. వాళ్ళు దాన్ని అందుకు వాడలేదు. ఆ మాటకు ముందు 'ఉద్దేశపూర్వకంగా' అని చేర్చారు.

మధ్యాహ్నం బుద్రి అంబలి తెచ్చింది. నేరేడువలసలో నాతో మాట్లాడే మనిషి ఈమె ఒక్కతే. నాకంటే ఏడాది చిన్న. నేను వచ్చిన మూడో రోజునే నాకు పొగలమ్మ అని పేరు పెట్టింది.

"ఏటి పొగలమ్మా, ఈయేల మా పొయ్యి పొగ రాసుకున్నావేటి? పన్లో పని, కూరలో ఉప్పెక్కువైందని కూడా రాయి. మా అప్పకి నేను సెప్తే యినదు. గవర్నమెంటోల్లు సెప్తే యింటాదేమో."

అప్ప అంటే వాళ్ళ నాయనమ్మ, కొర్రా సుక్రమ్మ. ఊళ్ళో అందరికంటే పెద్దది.

నేను నవ్వలేకపోయాను. బుద్రి నా చేతిలోంచి కొలకర్ర తీసుకుని ఆకు మందం తనే చూసింది.

"పైనున్న కన్ను సూసీసినాదంట మంటని," అంది, ఉపగ్రహం ఉండే ఆకాశం వైపు గడ్డం ఎత్తి. "అంత పైనుంచి ఇంత మంట కనపడిపోద్దేటి?"

నాకు తెలియదన్నాను.

మంచు: మూడు చెంచాలకు కొంచెం తక్కువ.

ఫిబ్రవరి 20

సుక్రమ్మ టవర్‌కి వచ్చింది. నూట ఆరు మెట్లు, ఎక్కడా ఆగకుండా. నేను ఆగుతాను.

"గుంటా, నీకు సదువొచ్చు. ఒక అర్జీ రాసిపెట్టు," అంది, ఊపిరి తీసుకోకుండానే.

కాగితం తీశాను. ఆమె చెప్పింది, నేను రాశాను. ఆకు రాలడం అయిపోయాక, ఇంకా మంచు కురుస్తున్న రోజుల్లో, పొద్దు వాలే వేళకి ఊరి చుట్టూ ఆకు కాలుస్తారు. మంట మెల్లగా పాకుతుంది. చెట్టు మొదలు నల్లబడుతుంది కానీ చెట్టు చావదు. చీకటి పడ్డాక మంచు దిగి మంటని తినేస్తుంది. ఆ నల్లటి గీత వానలదాకా ఊరికి కంచె. వేసవిలో ఎక్కడ నిప్పు పుట్టినా గీత దగ్గరికొచ్చి తినడానికేమీ లేక చస్తుంది.

"ముట్టించీది మేం, ఆర్పీది మంచు," అంది. "అలగే రాయి."

అలాగే రాశాను.

"మా అప్ప కాలంలో నెల్లాల్లు మంచుండీది. సుట్టూ నాలుగేపులా కాల్చుకునీవోరు, తీరుబడిగా, తాగుతా పాడుకుంతా. ఇప్పుడు పదేను దినాలు కూడా నేదు. ఒక యేపు కాల్చినాం. మూడేపులుండిపోనాయి. ఈ మూడూ నెలాకరులోపల కాల్చాల. తరువాత మంచుండదు. మంచు నేకుండా ముట్టించితే అది మంట కాదు, తెగులు."

"మూడు సాయంత్రాలు చాలా, మామ్మా?"

"మూడు సాలు. మూడు సాయంత్రాలు అడుగు."

అర్జీ ఒకటిన్నర పేజీ వచ్చింది. మంచు పళ్ళెం అంకెలు కూడా చేర్చాను. ఆమె వేలిముద్ర వేసింది. వెళ్ళేముందు నా పుస్తకాల అర చూసి, ఇవన్నీ చదివినావేటి అని అడిగింది. చదివానన్నాను. ఇందులో మంట గురించేటైనా ఉందేటి అంది. చాలానే ఉంది. మంచు గురించి కూడా ఉంది. రెండూ ఒకే పేజీలో నాకు ఎక్కడా కనిపించలేదు.

మంచు: రెండు చెంచాలు.

మార్చి 1

అర్జీకి జవాబు వచ్చింది. విచారణ తొమ్మిదో తేదీన. అంతకుముందు కుదరదట.

ఈ ఉదయం మంచు పళ్ళెం పొడిగా ఉంది. వేలితో రాసి చూశాను. దుమ్ము అంటింది.

ఆకు: ఆరు వేళ్ళు.

మార్చి 9

విచారణ టవర్‌లో నా రేడియో మీదే జరిగింది. సుక్రమ్మ నా కుర్చీలో కూర్చుంది. బుద్రి గుమ్మంలో నిలబడింది. అవతల మా పర్యవేక్షకుడు శేషగిరి గారు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. నన్ను 'అమ్మా రెజీనా' అని పిలుస్తారు. ఇంతవరకూ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ముందు ఆయన నియమం చెప్పారు. ఈ కొండ మీది అడవి పీల్చుకునే పొగకి బదులుగా తీరంలోని చల్లమేడలు, ఏడాదంతా ఏసీలో ఉండే ఆ ఎత్తైన ఇళ్ళు, అంత పొగ వదలవచ్చు. ఇక్కడ ఎవరైనా మంట పెడితే ఆ మేరకు అక్కడ కోత పడుతుంది. మేడల్లో పసిపిల్లలుంటారు, రోగులుంటారు. బయట నలభై తొమ్మిది డిగ్రీలు.

సుక్రమ్మ అంతా విని, రేడియోకి దగ్గరగా వంగింది.

"బాబూ, పొగ తగ్గించాలన్నారు. మంచిదే. మాది ఏడాదికి నాలుగు సాయంత్రాల పొగ. మీ మేడలది ఏడాదంతా. తగ్గించమని ముందు ఎవుల్ని అడగాల?"

"అందరినీ అడుగుతున్నాం పెద్దమ్మా. తీరం కూడా ఈ ఏడాది రెండు శాతం తగ్గించింది."

"ఎలగ తగ్గించినాది?"

రేడియోలో కాగితాలు తిప్పిన చప్పుడు వచ్చింది.

"మీ పక్క కొండను కూడా కోటాలో చేర్చుకుని," అన్నారాయన.

గుమ్మంలోంచి బుద్రి నవ్వింది. "అంటే మేం సేతులు ముడుసుకు కూకుంటే మీరు తగ్గించినట్టు."

సుక్రమ్మ చెయ్యెత్తి ఆమెను ఊరుకోమంది. తర్వాత అసలు భయం చెప్పింది. గీత లేకపోతే వేసవిలో అడవి అంటుకుంటుంది. ఊరు పోతుంది. అప్పుడు లేచే పొగ ఎంత? ఆ పొగకి కోత ఎవరికి?

శేషగిరి గారు అబద్ధం చెప్పే మనిషి కాదు. "మనిషి పెట్టిన మంటే కోటాలోకి వస్తుంది. దానంతటది పుట్టినది ప్రకృతి విపత్తు. అది ఎవరి కోటాలోనూ చేరదు పెద్దమ్మా."

"అంటే సిన్న మంట మాది, పెద్ద మంట దేముడిది."

"నియమం నేను రాసింది కాదమ్మా."

"తెలుసు బాబూ. రాసినోడు ఎప్పుడూ మాటాడ్డు."

వచ్చే ఏడాదికి మూడు సాయంత్రాలు ఇచ్చే విషయం పరిశీలిస్తామన్నారు. సుక్రమ్మ లేచి, నా కుర్చీని ముందు ఎలా ఉందో అలా జరిపి, మెట్లు దిగింది. బుద్రి మాత్రం ఒక్క నిమిషం ఆగింది.

"అర్జీ బాగా రాసినావంట. అప్ప ఊరంతా సెప్పుకుంతంది. సదివినోల్లకి కల్లంట నీల్లొస్తాయంట."

ఎవరికి వచ్చాయి అని అడిగాను.

"మాకే," అంది.

ఏప్రిల్ 4

ఆకు: తొమ్మిది వేళ్ళు. గుగ్గిలం చెట్లు కొత్త ఆకు వేశాయి కానీ కింద పాతది అలాగే ఉంది. అడుగు వేస్తే అప్పడాల మీద నడిచినట్టు చప్పుడు.

ఇప్పపూలు రాలుతున్నాయి. మామూలుగా మంచు రోజుల్లోనే ఈ చెట్ల కింది ఆకు కూడా కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు. ఈసారి కుదరలేదు కాబట్టి ఆడవాళ్ళు చీపుళ్ళతో ఊడుస్తున్నారు. ఊడ్చిన ఆకు ఎక్కడ పోయాలో తెలియక ఊరి అంచున పోస్తున్నారు. ఈ మాట శేషగిరి గారికి రాశాను. అందిందని జవాబు వచ్చింది.

అమ్మ ఫోన్ చేసింది. "ఏసీ ఇరవై రెండులో పెట్టినా ఉక్కగా ఉందే. నువ్వక్కడ ఎలా ఉంటున్నావో," అంది. కొండ మీద గాలి వస్తుందని చెప్పాను. నేను పుట్టిందీ పెరిగిందీ చల్లమేడలోనే, పదిహేడో అంతస్తులో. పదహారేళ్ళు వచ్చేదాకా చెమట వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా మేడకి ఏ కొండ రాసిపెట్టి ఉందో ఎప్పుడూ అడగలేదు. ఇవాళ కోటా జాబితాలో వెతికాను. ఆరు కొండలున్నాయి. నాలుగింటి పేర్లు కూడా నేను వినలేదు.

ఏప్రిల్ 24

బుద్రి పుస్తకం తిరిగి ఇచ్చింది. సముద్రం గురించిన పుస్తకం. కూడబలుక్కుంటూ నెల రోజులు చదివింది. ఇంత నీళ్ళున్నవాళ్ళకి ఉక్కపోయడమేమిటని అడిగింది. ఉప్పునీళ్ళని చెప్పాను.

"మరి అదే. మా కూరలాగే," అంది.

ఇంకొకటి కావాలంది. మంచు కొండల గురించినది ఇచ్చాను. బొమ్మలు చూసి, ఇంత మంచుని ఉత్తినే పెట్టుకున్నారా, మాకు మూడు సాయంత్రాలకి సరిపడా పంపలేకపోయారా అంది.

ఆకు: పదకొండు వేళ్ళు. కొలకర్ర సరిపోవడం లేదు.

మే 10

మొన్న, ఎనిమిదో తేదీ మధ్యాహ్నం, వాన లేకుండా ఉరిమింది. రెండూ పదికి తూర్పు లోయలో పిడుగు పడింది. రెండూ పన్నెండుకి పొగ కనిపించింది. ఆ నిమిషంలోనే కార్యాలయానికి చెప్పాను. డ్రోన్లన్నీ తీరం పక్క మంటల దగ్గర ఉన్నాయన్నారు. మూడు గంటలు పడుతుందన్నారు.

టవర్ మైకులో ఊరికి చెప్పాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. గీత మీదికి రమ్మన్నాను. ఫిబ్రవరిలో కాల్చిన వైపు, ఊరికీ టవర్‌కీ మధ్యనున్న వాలు. అక్కడొక్కచోటే ఆకు లేదు. నేను చెప్పకముందే సుక్రమ్మ అందరినీ అటు నడిపిస్తోంది.

నేనూ దిగి వెళ్ళాను. మనుషులు గొడ్లతో, పిల్లలతో, చిన్న చిన్న మూటలతో నల్లటి నేల మీద నిలబడి ఉన్నారు. సుక్రమ్మ తలల మీద చెయ్యి పెట్టి లెక్క పెడుతోంది. యాభై నాలుగు. అందరూ వచ్చారు.

అప్పుడు బుద్రికి విత్తనాలు గుర్తొచ్చాయి. పొయ్యి పైన ఉట్టిలో, పొగ తగిలేలా, సొరబుర్రల్లో చోళ్ళూ సామలూ దాచుకుంటారు. పురుగు పట్టకుండా. వానలు పడితే చల్లుకోవలసినవి అవే. వాళ్ళ ఇల్లు అక్కడికి కనిపిస్తూనే ఉంది. మంట ఇంకా ఊరికి అవతల, దూరంగా ఉన్నట్టే ఉంది.

"వద్దు," అన్నాను.

"ఎంతసేపు? ఇలగెల్లి అలగొచ్చేత్తాను." కొంగు బిగించింది. "ఇది రాయకు పొగలమ్మా. అప్ప సూస్తే సంపేత్తాది."

సుక్రమ్మ అప్పుడు అటు చివర ఒక గొడ్డును పట్టుకుని ఉంది. చూడలేదు.

బుద్రి దిగింది. ఇంట్లోకి వెళ్ళడం చూశాను. రెండు బుర్రలతో బయటికి రావడం చూశాను. ఊరి అంచున ఊడ్చి పోసిన ఇప్పాకు గుట్టలకి నిప్పు అంటుకుంది. మంట నేల మీద నడవలేదు. ఒక గుట్ట మీంచి ఇంకో గుట్ట మీదికి దూకింది. ఆమె దారి మధ్యలో ఉంది. దారి మీద కూడా ఆకే.

తర్వాత పొగ. పొగలో నాకు ఏమీ కనిపించలేదు. కనిపించనిది రాయను.

మంట పైకి వచ్చి, గీత అంచున, మా పాదాలకి ఇరవై అడుగుల దూరంలో ఆగింది. కాసేపు అటూ ఇటూ వెతికినట్టు కదిలి, ఆరిపోయింది. ఇరవై ఆరు ఇళ్ళు పోయాయి. యాభై మూడు మంది మిగిలారు. టవర్ మిగిలింది. డ్రోన్లు ఐదూ ముప్పైకి వచ్చాయి.

మే 14

అడవి ఇంకా అక్కడక్కడా కాలుతోంది. పదకొండు వేల ఎకరాలన్నారు. కార్యాలయం నుంచి ఫారం వచ్చింది. కారణం అన్న గడిలో వాళ్ళే నింపి పంపారు: ప్రకృతి విపత్తు. కోటా అన్న గడిలో: వర్తించదు. కింద నా సంతకం కావాలి. పిడుగు పడడం నేను చూశాను. సంతకం పెట్టాను.

విడిగా ఇంకో కాగితం మీద మంచు అంకెలూ ఆకు అంకెలూ, ఫిబ్రవరి నుంచి మే వరకూ, రాసి జత చేశాను. ఫారంతో పాటు వేరే కాగితాలు తీసుకోబోమని జవాబు వచ్చింది. శేషగిరి గారు విడిగా ఫోన్ చేశారు. "భోంచేశావా అమ్మా," అని అడిగి పెట్టేశారు.

మే 16

నేరేడువలస వాళ్ళని కింద పాత స్కూల్లో ఉంచారు. ఈ రోజు వెళ్ళాను. సుక్రమ్మ వరండాలో కూర్చుని అడ్డాకులు కుడుతోంది. సాయంత్రం భోజనాలకి విస్తళ్ళు కావాలట. స్టీలు పళ్ళాలు పంపారు కానీ సరిపోలేదు. పక్కన కూర్చున్నాను. కుట్టడం రాదు కాబట్టి ఆకులు తుడిచి ఇచ్చాను.

పది విస్తళ్ళు అయ్యాక చెప్పాను.

"మామ్మా. ఫిబ్రవరిలో ఆ మంట చూసి చెప్పింది పైనున్న కన్ను కాదు. నేను."

ఆమె పుల్ల గుచ్చడం ఆపలేదు.

"తెలుసు."

నేను చేతిలోని ఆకునే మళ్ళీ తుడిచాను.

"పైన కన్నే సూస్తే నిన్నెందుకు పెడతారు టవరులో? మాకామాత్రం తెల్దేటి. బుద్రికి మొదటి దినమే తెలిసిపోనాది. డ్రోను సదువుతా ఉంటే, అప్పా, ఇయి పొగలమ్మ మాటలే అంది. నువ్వెలగ మాటాడతావో అలగే ఉన్నాయంట."

"మరి నన్ను అడగలేదు."

"అడుగుతానన్నాది. నానే వద్దన్నాను. సిగ్గుపడే గుంట, ఏడుత్తాది అన్నాను."

ఆకు తుడుస్తున్న నా చేతిని ఆమె చూసింది. చాలా సేపటి నుంచి ఒకే ఆకు తుడుస్తున్నాను. ఆమె దాన్ని తీసుకుని, ఇంకొకటి ఇచ్చింది.

"నీ మీద కోపం నేదే. కాల్చడం మా పని. సూసి రాయడం నీ పని. ఆ పనికే గదా పంపినారు నిన్ను. పని సేసినోల్ని తప్పుపడతారేటి? పని సెయ్యకపోతే నీ మీద మాటొచ్చును."

తర్వాత కుట్టిన విస్తరి ఒకటి నా ముందు పెట్టింది. తినేసి వెళ్ళమంది. తిన్నాను. ఆమె చెప్పింది కాదనలేదు. తిరిగి టవర్‌కి వచ్చి, పెట్టెలోంచి నా నియామక పత్రం తీసి చదివాను.

ఆ మంట చూసి రాసిన ఫిబ్రవరి పదకొండు ఆదివారం. ఆదివారాలు నాకు కావలి లేదు.